విరిగిపడిన కొమ్మ మీద ఆర్కిడ్

2024 సెప్టెంబరు 26న హెలీన్ వచ్చింది. అక్టోబరు 9 రాత్రి మిల్టన్ వచ్చింది. పదమూడు రోజుల తేడాతో ఈ రెండు హరికేన్లు తగిలాక టాంపా చుట్టుపక్కల వీధుల్లో ఇళ్ళ ముందు నడుమెత్తు పోగులు లేచాయి. తడిసిన సోఫాలు, ఊడిన కంచె చెక్కలు, వాటి పక్కన విరిగిన లైవ్ ఓక్ కొమ్మలు. ఆ కొమ్మల్ని కాస్త వంగి చూస్తే బెరడు మీద బూడిదరంగు జడలు, ముడుచుకుపోయిన ఫెర్న్ ఆకులు, అక్కడక్కడ ఆకుపచ్చటి గడ్డల గుత్తులు కనిపిస్తాయి. ఆ గుత్తి ఫ్లోరిడా సొంత ఆర్కిడ్ కావచ్చు. చెత్త ఎత్తే లారీ ఎక్కిందంటే కొమ్మతో పాటు అదీ చెక్కపొట్టే. సూపర్‌మార్కెట్లో కొన్న ఆర్కిడ్‌కి వారానికి మూడు ఐసుముక్కలు లెక్కపెట్టి పెట్టే ఇళ్ళ ముందు నుంచే ఆ లారీ వెళుతుంది.

దీనికి హరికేనే రానక్కర్లేదు. లైవ్ ఓక్ వందల ఏళ్ళు బతుకుతుంది గానీ, దాని పక్కనే పెరిగే లారెల్ ఓక్ ఏభై అరవై ఏళ్ళకే లోపల బోలుపడి, గాలి లేని రోజు కూడా కొమ్మలు రాలుస్తుంది. అలా రాలిన కొమ్మ మీద ఆర్కిడ్ ఉంటే గుర్తుపట్టడం ఎలా, దాన్ని ఏం చెయ్యాలి అన్నదే ఇక్కడ సంగతి. గుర్తుపట్టడానికి ఓపిక కావాలి. ఆ తర్వాత చెయ్యాల్సింది చాలా తక్కువ. మనవాళ్ళకి కష్టమయ్యేది ఆ తక్కువ చెయ్యడమే.

ముందుగా, మీరున్న ఊళ్ళో ఇది జరిగే పనేనా అన్నది చూసుకోవాలి. అమెరికా, కెనడాల్లో కలిపి సొంత ఆర్కిడ్ జాతులు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం నేలలో వేళ్ళు దింపి పెరిగేవే. చెట్టెక్కి బతికేవి దాదాపు అన్నీ ఫ్లోరిడాలోనే, అందులోనూ దక్షిణ భాగంలోనే ఉన్నాయి. ప్రధాన భూభాగంలో ఫ్లోరిడా దాటి ఉత్తరానికి వెళ్ళిన చెట్టు ఆర్కిడ్ ఒకే ఒక్కటి. దాని పేరు గ్రీన్ ఫ్లై ఆర్కిడ్. నార్త్ కరొలైనా నుంచి సౌత్ కరొలైనా, జార్జియాల మీదుగా లూజియానా దాకా తీరానికి దగ్గరి పల్లపు అడవుల్లో అది కనిపిస్తుంది. కాబట్టి న్యూజెర్సీలోనో షికాగోలోనో కొమ్మ మీద ఆర్కిడ్ దొరికిందని ఎవరైనా వాట్సాప్‌లో ఫొటో పెడితే, ముందు ఆ కొమ్మ ఏ కుండీలోంచి వచ్చిందో అడగండి.

డాలస్ వాళ్ళకి వేరే అనుమానం వస్తుంది. చలికాలంలో ఆకులన్నీ రాలిన చెట్టు మీద పచ్చగా బంతుల్లా వేలాడే గుబుర్లు అక్కడ చాలా ఉంటాయి. అవి మిసల్‌టో, అంటే మన ఊరి బదనికకు దగ్గరి చుట్టం. అది పరాన్నజీవి. వేళ్ళను చెట్టు కొయ్యలోకి దించి నీళ్ళూ లవణాలూ లాగేస్తుంది. ఆర్కిడ్ అలాంటిది కాదు. కోస్తాలో పాత మామిడి చెట్ల మొదళ్ళను కరుచుకుని ఉండే వాండాను చూసినవాళ్ళకి ఇది తెలిసిన వ్యవహారమే. దానికి చెట్టు కూర్చునే చోటు మాత్రమే. తిండి ఎండలోంచీ వానలోంచీ బెరడు మీద చేరిన దుమ్ములోంచీ వస్తుంది. అద్దె ఇవ్వని మాట నిజమే గానీ, ఇంట్లో సామాను ముట్టుకోదు. కొమ్మ విరగడానికి కారణం ఆర్కిడ్డేనని తేల్చేసి తక్కిన చెట్టంతా గోకించేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఇక కొమ్మ దగ్గరికి వద్దాం. దాని మీద ఉన్నవాటిలో నూటికి తొంభై పాళ్ళు ఆర్కిడ్లు కావు. గడ్డంలా వేలాడేది స్పానిష్ మాస్. అది స్పెయిన్‌దీ కాదు, మాసూ కాదు. అనాస కుటుంబంలో మొక్క, ఫ్లోరిడా సొంతదే. టెన్నిస్ బంతంత ఉండలా కొమ్మను పట్టుకుని ఉండేది బాల్ మాస్, అదీ అనాస చుట్టమే. గట్టి ఆకులు పళ్ళెంలో పరిచినట్టు ఉండి, మధ్యలోంచి ఎర్రటి కంకి లేచేది కార్డినల్ ఎయిర్ ప్లాంట్. ఇదీ ఆ ఇంటిదే. ఎండు ఆకుల్లా ముడుచుకుని, వాన పడిన కొన్ని గంటల్లోనే పచ్చగా విచ్చుకునేది రెసరెక్షన్ ఫెర్న్. ఒంట్లో నీళ్ళు నూటికి తొంభై పాళ్ళకి పైగా పోయినా అది చావదు. సంజీవని కోసం కొండనే ఎత్తుకొచ్చినాయన ఫ్లోరిడాలో దిగి ఉంటే చెట్టుతో సరిపెట్టుకునేవాడు. ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలుంటే అది ఫెర్నే, ఆర్కిడ్ కాదు. అయితే దాన్ని పారెయ్యకండి. ఆ ఫెర్న్ పరుపులోనే ఆర్కిడ్లు ఎక్కువగా దాగి ఉంటాయి.

ఆర్కిడ్‌ని పట్టిచ్చేది వేరు. పువ్వు ఉంటే ఎవరైనా గుర్తుపడతారు. ఏడాదిలో చాలా నెలలు పువ్వు ఉండదు. ఒక వేరును తీరిగ్గా చూడండి. నూడిల్ అంత లావున, తెల్లగా, కాస్త మెరుపుతో, బెరడుకు జిగురు పెట్టి అంటించినట్టు ఉంటుంది. చివర మాత్రం పచ్చగానో ఎర్రగానో ఉండే మొన. దాని మీద రెండు చుక్కల నీళ్ళు వెయ్యండి. తెల్లటి భాగం మీ కళ్ళ ముందే పచ్చబడుతుంది. ఆ తెల్లటి పొర పేరు వెలమెన్. నిజానికి అవి చచ్చిపోయి, లోపల ఖాళీగా మిగిలిన కణాల వరసలు. వాన పడిన నిమిషాల్లో ఆ గదులు నీళ్ళతో నిండిపోతాయి. గాలి ఉన్నంతసేపు తెల్లగా కనిపించిన పొర, నీళ్ళు చేరగానే అద్దంలా మారి లోపలున్న పచ్చదనాన్ని చూపిస్తుంది. ఎయిర్ ప్లాంట్ వేళ్ళు నల్లటి సన్నటి తీగముక్కల్లా ఉంటాయి, నీళ్ళు పోసినా రంగు మారవు. ఫెర్న్‌కి పొలుసులున్న పాకుడు కాండం ఉంటుంది. పుస్తకం లేకుండా, ఆప్ లేకుండా, గుక్కెడు నీళ్ళతో తేలిపోయే పరీక్ష ఇది.

టాంపా, ఒర్లాండో, సరసోటా ప్రాంతాల్లో మీకు దొరికేది చాలావరకు బటర్‌ఫ్లై ఆర్కిడ్ అయ్యుంటుంది. 1847లో జాన్ లిండ్లీ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త దీనికి టాంపా పేరే పెట్టాడు. నేటి శాస్త్రనామం ఎన్‌సైక్లియా టాంపెన్సిస్. అడుగున గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారపు గడ్డలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గోలీ అంత చిన్నవీ ఉంటాయి, నిమ్మకాయను మించినవీ ఉంటాయి. ప్రతి గడ్డ నెత్తి మీద ఒకటి నుంచి మూడు దాకా సన్నటి పొడుగాటి ఆకులు. కొత్త గడ్డ మీద ఆకులుంటాయి, పాతవి బోడిగా ఉంటాయి. బోడివి చచ్చాయనుకుని తుంచకండి, నీళ్ళూ తిండీ దాచిన కొట్లు అవే. ఎక్కువగా జూన్, జులైల్లో పూస్తుంది. అంగుళం, అంగుళమున్నర వెడల్పున్న పువ్వు, పసుపు పచ్చ గోధుమ కలిసిన రేకులు, మధ్యలో తెల్లటి పెదవి మీద ఊదారంగు మచ్చ. తేనె వాసన.

గడ్డలు లేకుండా, పుల్లల్లాంటి సన్నటి కాడల గుబురు, కాడకు రెండు మూడు నిగనిగలాడే దళసరి ఆకులు ఉంటే అది గ్రీన్ ఫ్లై. పువ్వు బూడిద పచ్చ రంగులో ఎంత చిన్నగా ఉంటుందంటే, ముందు రాత్రిపూట ముక్కుకు తెలుస్తుంది, తర్వాత కంటికి తెలుస్తుంది. మూడోది మరీ చిక్కు. ఆకులే లేని ఆర్కిడ్లు. జింగిల్ బెల్ ఆర్కిడ్ అంటే సన్నటి కొమ్మ మీద సాలీడు కాళ్ళలా పరుచుకున్న బూడిదపచ్చ వేళ్ళు, అంతే. ఆ వేళ్ళే ఆకుల పని చేస్తాయి. పాత నారింజ తోటల్లో కూడా అది కనిపించేది. దాన్ని చూసి చెట్టుకు ఏదో తెగులు పట్టిందని గీకేసినవాళ్ళని తప్పుపట్టడం కష్టం.

ఊళ్ళో దొరికిన కొమ్మకి ఇంకో తిరకాసు ఉంది. ఫ్లోరిడాలో పువ్వు రాలిన డెండ్రోబియమ్‌లని, వాండాలని తెచ్చి పెరటి ఓక్ చెట్టుకు కట్టెయ్యడం చాలామందికి అలవాటు. కొన్నేళ్ళకి అవి అడవి మొక్కల్లాగే కుదురుకుంటాయి. మొక్క చుట్టూ నైలాన్ దారమో, బెరడులోకి దిగిన ప్లాస్టిక్ పట్టీయో కనిపిస్తే అది ఎవరో కట్టిన మొక్క. కాపాడకూడదని కాదు. అడవికి మాత్రం తీసుకెళ్ళకండి.

చట్టం సంగతి తేల్చకుండా కొమ్మ మీద చెయ్యి వెయ్యకండి. మీ పెరట్లో పడింది మీది. పక్కింటి పోగులోది పక్కింటివాళ్ళది. అడిగితే ఎవరూ కాదనరు, కాకపోతే అడగాలి. ఫ్లోరిడా చట్టం సొంత మొక్కల్ని మూడు జాబితాలుగా పెట్టింది. అంతరించిపోతున్నవి, ముప్పులో ఉన్నవి, వ్యాపారం పేరుతో పీకేసినందువల్ల తగ్గిపోతున్నవి. బటర్‌ఫ్లై, గ్రీన్ ఫ్లై రెండూ మూడో జాబితాలో ఉన్నాయి. చెట్టు మీది ఆర్కిడ్లలో తక్కినవి చాలావరకు మొదటి రెండింట్లో ఉన్నాయి. వేరేవాళ్ళ నేలలోంచి తియ్యాలంటే రాతపూర్వకమైన అనుమతి ఉండాలి, మొదటి జాబితాలోదైతే రాష్ట్ర వ్యవసాయ శాఖ పర్మిట్ కూడా కావాలి. స్టేట్ పార్కుల్లో, నేషనల్ పార్కుల్లో దారికి అడ్డంగా పడి ఉన్నా ముట్టుకోకూడదు. చచ్చిపోతుంది కదా అన్న వాదన రేంజర్ దగ్గర చెల్లదు. చెల్లకూడదు కూడా. ఆ వాదన చెల్లితే ప్రతి దొంగకీ అడవిలో కొమ్మలు రాలుతూనే ఉంటాయి.

ఆ దొంగతనాలకు పాత చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రైలు దక్షిణ ఫ్లోరిడా దాకా వచ్చాక, చెట్లెక్కి దులిపిన ఆర్కిడ్లు ఉత్తరాది ఊళ్ళకి అలంకారం సామానుగా వెళ్ళిపోయాయి. ఆ తర్వాత సైప్రస్ అడవులనే నరికేశారు. 1994లో ఫకహాచీ స్ట్రాండ్ స్టేట్ ప్రిజర్వ్ నుంచి జాన్ లరోష్ అనే అతను మరికొందరితో కలిసి ఘోస్ట్ ఆర్కిడ్లతో సహా మొక్కల్ని సంచుల్లో మోసుకొస్తూ పట్టుబడ్డాడు. ఆ కేసు మీద సూసన్ ఓర్లీన్ 1998లో ‘ది ఆర్కిడ్ థీఫ్’ రాసింది, 2002లో అది సినిమాకీ ఆధారమైంది. ఘోస్ట్ ఆర్కిడ్‌కి పేరొచ్చింది, పేరుతో పాటు గిరాకీ పెరిగింది. దాన్ని దేశవ్యాప్తంగా అంతరించిపోతున్న మొక్కల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన ఫెడరల్ వన్యప్రాణి శాఖ నుంచి 2025లో గానీ రాలేదు. ఈ ఆకుల్లేని మొక్కని చూడాలంటే నేపుల్స్ దగ్గర కార్క్‌స్క్రూ స్వాంప్‌కి వెళ్ళండి. 2007లో అక్కడ ఓ పాత సైప్రస్ మీద, నేలకు దాదాపు యాభై అడుగుల ఎత్తున బయటపడిన ఘోస్ట్ ఆర్కిడ్‌ని చెక్కదారి మీద నిలబడి టెలిస్కోపులో చూడొచ్చు. చెయ్యి అందని ఎత్తులో ఉండటమే దాని అదృష్టం.

సరే, కొమ్మ మీ పెరట్లోదే, మొక్క బటర్‌ఫ్లై ఆర్కిడ్డే అనుకుందాం. పడి ఉన్నచోటే వదిలేస్తే ఏమవుతుంది? కొన్ని నెలలు బాగానే కనిపిస్తుంది, అదే మోసం. నేల మీద వెలుతురు చాలదు, గాలి ఆడదు, తడి ఆరదు, నత్తలు లేత మొనల్ని కొరుకుతాయి. కింద కొమ్మ కుళ్ళుతుంటే ఆ తడిలో వేళ్ళూ కుళ్ళుతాయి.

మొక్కని కొమ్మ నుంచి ఊడదీయకండి. బెరడుకు అంటుకున్న వేళ్ళు తెగకుండా రావు. ఊడివచ్చిన పాత వేరు మళ్ళీ దేన్నీ పట్టుకోదు కూడా. పట్టుకునేది కొత్త మొలక అడుగున పుట్టే కొత్త వేరు మాత్రమే. అందుకని గుత్తికి అటు జానెడు, ఇటు జానెడు వదిలి కొమ్మనే రంపంతో కొయ్యండి. ఆ ముక్కని అలాగే తీసుకెళ్ళి నిలబడి ఉన్న చెట్టుకు, మునుపు పైకి ఉన్న వైపు మళ్ళీ పైకే ఉండేలా ఆనించి, కదలకుండా కట్టెయ్యండి. కదిలితే కొత్త వేరు మొన ప్రతిసారీ రాసుకుపోయి ఆగిపోతుంది. ముక్క పుచ్చిపోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఈలోగా వేళ్ళు కొత్త చెట్టు మీదికి పాకిపోతాయి. వసంతం చివర, వానలు మొదలయ్యే ముందు కడితే త్వరగా కుదురుకుంటుంది. అక్టోబరులో పడిన కొమ్మకి ఆ వెసులుబాటు ఉండదనుకోండి, అప్పుడే కట్టెయ్యండి.

చెట్టు లైవ్ ఓక్ అయితే మంచిది. సైప్రస్ మంచిదే. బెరడు గరుకుగా ఉండాలి, ఊడిపోకూడదు. ప్రతి సబ్‌డివిజన్‌లో వరసగా నాటే క్రేప్ మర్టిల్ ఏటా బెరడు విడుస్తుంది, పైన్ పెచ్చులు రాలుస్తుంది, రెండూ పనికిరావు. కట్టడానికి పాత బనీను పీలికలకి మించింది లేదు. సాగుతాయి, కొయ్యవు, పని అయ్యేసరికి చివికిపోతాయి. రాగి తీగ మాత్రం వద్దు, రాగి ఆర్కిడ్‌కి విషం. తూర్పు వైపు, ఉదయపు ఎండ ఆకుల సందుల్లోంచి పడేచోట పెట్టండి. తర్వాత ఆకే చెబుతుంది. ముదురు ఆకుపచ్చగా వాలిపోతే వెలుతురు చాలలేదు, కాస్త పసుపు తిరిగి గట్టిగా నిలబడితే సరిపోయింది, నల్లగా కాలిన మచ్చలొస్తే ఎండ ఎక్కువైంది.

ఇక్కడి నుంచే మనవాళ్ళ చెయ్యి ఊరుకోదు. తులసికోటకి పోసినట్టు రోజూ చెంబుడు నీళ్ళు పోస్తారు. వెలమెన్ నీళ్ళు పీల్చుకోవడానికి నిమిషాలు చాలు. ఆ తర్వాత అది ఆరి, గదుల్లోకి మళ్ళీ గాలి రావాలి, లేకపోతే లోపలి వేరుకు ఊపిరాడదు. వేరు కుళ్ళితే ఆకులు ముడతలు పడతాయి. ముడతలు చూసి నీళ్ళు చాలలేదనుకుని ఇంకో చెంబు పోస్తారు. మొదటి కొన్ని నెలలు వాన లేకపోతే వారానికి రెండు మూడుసార్లు, అదీ ఉదయం పూట, సాయంత్రానికి ఆరిపోయేలా తడిపితే చాలు. కుదురుకున్నాక జూన్ నుంచి అక్టోబరు దాకా వానే చూసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే పొడి శీతాకాలాన్ని మొక్క గడ్డలు చూసుకుంటాయి. వాన నీళ్ళయితే మేలు. బోరు నీళ్ళ స్ప్రింక్లర్ ఆకుల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఎరువు వెయ్యకపోయినా ఏం కాదు. వెయ్యాలనిపిస్తే డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతు.

మట్టి, కొబ్బరి పీచు, పేడ ఎరువు, కుండీ, ఇవేవీ వద్దు. వరండాలోకి, పూజగదిలోకి అసలే వద్దు. ఇది రోజూ ఎండా గాలీ తిన్న మొక్క. జనవరిలో ఓ రాత్రి గడ్డకట్టే చలి హెచ్చరిక వస్తే పల్చటి దుప్పటి కప్పండి, తెల్లారాక తీసెయ్యండి. చెట్టు గొడుగు కింద కాస్త చలికి అది తట్టుకుంటుంది. ఆకు అడుగున తెల్లటి దూదిలాంటిదో, చిన్న పొలుసుల్లాంటివో పడితే పొలుసు పురుగో పిండి నల్లో పట్టినట్టు. ఇంట్లో ఉండే రబ్బింగ్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి తుడిస్తే పోతుంది. ఇక ఎదుగుదల సంగతా? ఏడాదికి ఒక కొత్త గడ్డ వేస్తే బాగా ఎదిగినట్టే. చాలా దళసరి ఆకుల చెట్టు ఆర్కిడ్లు నీళ్ళు పోకుండా పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ పోగుచేసుకుంటాయి. నీళ్ళు మిగులుతాయి, వేగం పోతుంది.

కాయ కాస్తే విత్తనాలు వేసి పెంచుదామని ఎవరో ఒకరు అంటారు. ఒక కాయలో వేలకు వేలు, లక్షల్లో కూడా ఉండొచ్చు. పిండిలా ఉంటాయి. అయితే బియ్యపుగింజలో ఉన్నట్టు మొలకకి తిండి ఏమీ ఉండదు. బెరడు మీద తగిన శిలీంధ్రం దొరికి, అది తిండి పెడితేనే మొలక. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ కనిపెట్టాడు. శిలీంధ్రం లేకుండా సీసాలో పంచదార కలిపిన అగర్ మీద మొలిపించే పద్ధతిని 1922లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ చూపించాడు. నేటి ఆర్కిడ్ వ్యాపారమంతా ఆ సీసాలోంచి వచ్చిందే. మయామీ దగ్గర ఫెయిర్‌చైల్డ్ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ అదే పద్ధతిని వ్యాపారానికి కాకుండా వాడుతోంది. సింగపూర్ చేసిన ప్రయత్నం చూసి, దక్షిణ ఫ్లోరిడా సొంత ఆర్కిడ్లని సీసాల్లో పెంచి, బడిపిల్లల చేత వీధి చెట్లకు కట్టిస్తున్నారు. ఆ పథకం పేరు మిలియన్ ఆర్కిడ్ ప్రాజెక్ట్. అక్కడి చెట్లకి ఈ మొక్కలు అంటుకుని పూస్తున్నాయి కూడా. కొమ్మ దొరక్కపోయినా బటర్‌ఫ్లై ఆర్కిడ్ కావాలనుకుంటే, సీసాలో పుట్టిన మొక్కని నర్సరీలో కొనుక్కోవచ్చు. ఎక్కడ పుట్టిందని అడగండి. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే కొనకండి.

ఇంతా చేశాక మొక్కకి మిగిలిన ప్రమాదం చెట్లు శుభ్రం చేసే మనుషులు. హరికేన్ సీజన్ ముందు కొమ్మలు కొట్టించేటప్పుడు, నాచూ ఫెర్నూ అంతా మురికేనని గీకేస్తే గాని పని పూర్తికాలేదనుకునే ముఠాలు ఉన్నాయి. చెట్టు మీది ‘కలుపు’ తీయించమని ఉత్తరం రాసే హెచ్‌ఓఏలూ, అంటే ఇళ్ళ యజమానుల సంఘాలూ ఉన్నాయి. ఉత్తరం వస్తే, అది రాష్ట్రం రక్షిత జాబితాలో పెట్టిన మొక్క అని ఒక్క వాక్యంలో తిరిగి రాయండి, ఫొటో జతచెయ్యండి. పనివాళ్ళు వచ్చిన రోజు నిచ్చెన వెయ్యకముందే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించండి. చాలామంది స్పానిష్ మాట్లాడేవాళ్ళే ఉంటారు కాబట్టి ‘ఓర్కిదేయా’ అంటే వెంటనే అర్థమవుతుంది. వాళ్ళలో ఒకరిద్దరు తమ ఊళ్ళో ఇంటి వెనక చెట్టుకు ఉన్నదాని ఫొటో ఫోన్‌లో తీసి చూపించినా ఆశ్చర్యపోకండి.